ఇరవై ఒక్క రోజులూ పెట్టవి, మిగతావి మనవి

సంక్రాంతి వెళ్లి చలి తగ్గుముఖం పట్టిందంటే చాలు, మైపాడు నుంచి ముత్తుకూరు దాకా, అటు విడవలూరు, అల్లూరు దాకా ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక ఇంట్లో ఓ పెట్ట మూలన ముడుచుకుని కూర్చుని ఉంటుంది. మంచం కిందో, ఖాళీ గోనెల వెనకో, వలలు పెట్టుకునే కొట్టంలోనో. దగ్గరకెళితే లేవదు. చెయ్యి చాపితే ఈకలన్నీ రిక్కించి గుర్రుమంటుంది. ఇంకాస్త ముందుకెళితే టక్కున పొడుస్తుంది. నిన్నటిదాకా ‘బా..బా..’ అని నూకలు చల్లితే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిన పెట్టే అది. ఇవాళ ఎదురుగా గింజలు పోసినా చూపు తిప్పదు.

“వదినా, మీ పెట్ట పొదుగుకొచ్చినట్టుందే!”

“అవునమ్మా, నిన్నటి నుంచీ లేవడం లేదు. పదకొండు గుడ్లున్నాయి. నీ దగ్గర ఇంకో రెండుంటే ఇస్తివా, పిల్లలు దిగినాక ఒకటి నీకిస్తాను.”

ఇలా మాటల్లోనే ఓ ఒప్పందం కుదిరిపోతుంది. గుడ్డు ఒకరిది, పెట్ట ఇంకొకరిది. పిల్ల దిగాక పంపకం. అసలు కోడినే పాలుకిచ్చే పద్ధతి కూడా మన పల్లెలకు కొత్త కాదు. ఈ లావాదేవీలన్నీ ఇంట్లో ఆడవాళ్లవే. మగవాళ్ల లెక్కల్లోకి రాని డబ్బు అది. పిలకాయల పుస్తకాలకో, జాతరకెళ్లినప్పుడు గాజులకో, ఇంటికి అల్లుడొచ్చిన రోజుకో పనికొస్తుంది.

అయితే పొదిగేసే ప్రతి ఇంట్లోనూ ఒక లెక్క తప్పుతూ ఉంటుంది. పన్నెండు గుడ్లు పెడితే తొమ్మిదో పదో పిల్లలు దిగడం వింత కాదు. రెండు నెలలు తిరిగేసరికి వాటిలో మూడో నాలుగో మిగలడమూ వింత కాదు. ‘పెట్ట సరిగా పొదగలేదు’ అని నింద దాని మీదకు పోతుంది. నిజానికి దాని పని అది ఏ లోటూ లేకుండానే చేసుకుపోతుంది. నష్టమంతా అది కూర్చోకముందు కొంత, లేచిన తర్వాత చాలా. ఆ రెండూ మన చేతుల్లో ఉన్నవే.

దాని ఒంట్లో ఏం జరుగుతుంది?

వరసగా పది పదిహేను గుడ్లు పెట్టాక పెట్ట ఒంట్లో ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. ఆడవాళ్లలో బిడ్డకు పాలు పడటానికి పనికొచ్చే హార్మోనే ఇది. కోడిలో గుడ్లు పెట్టడం ఆపించి, గూట్లో కూర్చోబెడుతుంది. రొమ్ము మీద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. అక్కడికి నెత్తురు ప్రసరణ ఎక్కువవుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటే, ఆ చర్మం ఆనుకున్న గుడ్డు లోపల 37, 38 డిగ్రీల వేడి నిలుస్తుంది. లక్షల రూపాయల హేచరీ యంత్రాలు రాత్రింబవళ్లు కరెంటు ఖర్చు పెట్టి నిలబెట్టేది ఆ వేడినే.

వేడి ఒక్కటే చాలదు. గుడ్డు ఒకే వైపు ఉండిపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. అందుకే పెట్ట రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. అంచున ఉన్నవి నడిమికి, నడిమివి అంచుకు మారుతుంటాయి. రోజు మొత్తానికీ ఏ పావుగంటో ఇరవై నిమిషాలో లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి, బూడిదలో పొర్లి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ‘అయ్యో, గుడ్లు చల్లారిపోతాయే’ అని దాన్ని బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టనక్కర్లేదు. ఆ కాసేపు చల్లదనం గుడ్డుకు చెరుపు చెయ్యదు.

ఈ పనిని యంత్రంతో చేయించాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఈజిప్టులో మట్టి పొయ్యిల్లాంటి గదుల్లో వేల గుడ్లను ఒకేసారి పొదిగించే విద్య రెండు వేల ఏళ్లకు పైగా ఉంది. అక్కడి పనివాళ్లు ఏ థర్మామీటరూ లేకుండా గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసేవాళ్లు. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రోజుకో గుడ్డు పగలగొట్టి లోపల పిల్ల ఎలా తయారవుతుందో రాసిపెట్టాడు. మూడు రోజులు గడిచేసరికి గుండె ఓ ఎర్రటి చుక్కలా కొట్టుకుంటుందన్నది ఆయన చూసిన సంగతే. ఇవాళ టార్చిలైటు మీద అట్టముక్క చుట్టి, ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డును దానికి ఆనించి చూస్తే సాలెగూడులా నెత్తురు గీతలు మనకూ కనిపిస్తాయి. ఏమీ లేకుండా తెల్లగా వెలుగుతుంటే అందులో పిల్ల కట్టలేదన్న మాట. దాన్ని తీసేస్తే మిగతావాటికి చోటు దొరుకుతుంది. కుళ్లి, పగిలి, కంపు కొట్టే ప్రమాదమూ తప్పుతుంది.

కూర్చోకముందే జరిగే నష్టం

మన తీరంలో పొదుగుకు అనువైన కాలం చిన్నది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ముసురు, తుపాన్లు. నెల్లూరుకు వానలో ఎక్కువ భాగం ఆ మూడు నెలల్లోనే. ఏప్రిల్ దాటితే ఎండ. మే నెలలో పడమటి గాలి తిరిగితే నలభై డిగ్రీలు దాటుతుంది. మధ్యలో మిగిలేది సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఆ రోజుల్లో వేసిన పొదుగే బాగా కుదురుతుంది.

అక్కడే ఓ తిరకాసుంది. కనుమకు పుంజులు కూరకెళ్లిపోతాయి. మిగిలినవాటికి పండగ ముందు మంచి ధర వస్తుంది కాబట్టి అమ్ముడైపోతాయి. పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెడుతుంది గానీ అందులో పిల్ల ఉండదు. పుంజును కలిసిన తర్వాత పది పన్నెండు రోజుల దాకా పెట్టే గుడ్లకు ఢోకా లేదు, ఆ శక్తిని పెట్ట తన ఒంట్లోనే దాచుకుంటుంది. ఆ గడువు దాటాక పెట్టినవన్నీ మురిగ్గుడ్లే. వీధిలో ఒక్క పుంజయినా మిగలకపోతే ఫిబ్రవరిలో ఎన్ని గుడ్లు పొదిగేసినా లాభం లేదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆ ఒక్కటీ ఎవరింట్లో ఉండాలో పండక్కి ముందే అనుకుంటే సరిపోతుంది.

రెండోది గుడ్డు వయసు. పెట్ట రోజుకొకటి, రోజు విడిచి రోజు ఒకటి పెడుతూ పోతుంది. పన్నెండోది పెట్టేనాటికి మొదటిదానికి రెండు వారాలు దాటిపోతాయి. వారం దాటిన గుడ్డుకు బలం తగ్గుతూ వస్తుంది. అందుకని మొదట్లో పెట్టినవి కూరకు వాడుకుని, చివరి వారం పది రోజులవి పొదుగుకు ఉంచుకోవడం తెలివైన పని. మరీ చిన్నవి, మరీ పొడుగువి, పెంకు గరుగ్గా ఉన్నవి, సన్నగా చిట్లినవి పక్కన పెట్టాలి. రెట్ట అంటిందని గుడ్డును నీళ్లతో కడగకూడదు. పెంకు మీద కంటికి కనపడని పూత ఉంటుంది. అది పోతే సూక్ష్మజీవులు లోపలికి దారి చేసుకుంటాయి.

మూడోది, అన్నిటికంటే పెద్దది, ఎండ. గుడ్డు లోపలి జీవకణం ఎదగడానికి 37 డిగ్రీలు కావాలి. కానీ అంతకంటే చాలా తక్కువ వేడిలోనే అది నిద్ర లేస్తుంది. రేకుల కింద బుట్టలో ఉంచిన గుడ్డు పగలు వేడికి ఎదగడం మొదలుపెట్టి, రాత్రి చల్లదనానికి ఆగి, మళ్లీ పగలు మొదలుపెట్టి చివరకు పెట్ట కూర్చోకముందే లోపల చచ్చిపోతుంది. బయటికి చూస్తే గుడ్డు గుడ్డులాగే ఉంటుంది. దీనికి మన పెద్దవాళ్ల మందు చాలా చవక. ఇంట్లో చల్లటి మూలన తడి ఇసుక పోసి, దాని మీద మట్టి మూకుడో కుండో పెట్టి, అందులో గుడ్లను సన్నటి మొన కిందికొచ్చేలా పేర్చి, పైన పల్చటి గుడ్డ కప్పడం. తీరంలో ఇసుకకు కరువా?

ఉరుముకు గుడ్లు చెడతాయా?

ఇక తట్ట సంగతి. వెడల్పాటి ఈత గంపో, పాత మట్టి తొట్టో తీసుకుని అడుగున ఇసుక, దాని మీద వరిగడ్డి పరుస్తారు. సరుగుడు తోటలున్న చోట ఎండిన సరుగుడాకు వేస్తారు. నడిమి కాస్త గుంటగా ఉండాలి, అప్పుడే గుడ్లు చెదరకుండా ఒకచోట ఉంటాయి. రెండు వావిలి కొమ్మలో, గుప్పెడు వేపాకో వేస్తే కోడిపేలు దగ్గరికి రావు. మూడు వారాలు కదలకుండా కూర్చునే పెట్టకు పేల బాధ మామూలుది కాదు. అది తట్టుకోలేకే కొన్ని పెట్టలు మధ్యలో లేచిపోతాయి.

చాలా ఇళ్లలో ఆ గడ్డిలో ఓ ఇనుప మేకు, ఓ బొగ్గు ముక్క, రెండు ఎండుమిరపకాయలు కూడా పెడతారు. ఉరుములొస్తే గుడ్లు మురిగిపోతాయని, ఇనుము ఉంటే ఆ శబ్దం అంటదని నమ్మకం. ఉరుము శబ్దానికి గుడ్డులో పిల్ల చావదు. కానీ ఆ నమ్మకం వెనక ఒక చూపు ఉంది. మన దగ్గర ఉరుములు ఎక్కువగా వచ్చేది ఎండాకాలపు అకాల వానలప్పుడు. ఆ రోజుల్లో పొదిగేసిన గుడ్లు అప్పటికే ఎండకు పాడై ఉంటాయి. పేరు మాత్రం ఉరుము మోస్తుంది. మేకు పెట్టడం వల్ల పోయేదేమీ లేదు గానీ, దాన్ని నమ్ముకుని మే నెలలో పొదిగేస్తే మేకు కాపాడదు.

పెట్టను కొత్త చోటికి మార్చాలంటే పగలు మార్చకూడదు. చీకటి పడ్డాక మెల్లగా ఎత్తి గుడ్ల మీద కూర్చోబెడితే తెల్లారేసరికి ఆ చోటు తనదనుకుంటుంది. దాని ఒడిలో ఎన్ని పడతాయో అన్నే పెట్టాలి. పది పన్నెండు చాలు. ఆశకొద్దీ పద్దెనిమిది పెడితే అంచున ఉన్నవి వంతులవారీగా చల్లారి మొత్తానికే మోసం వస్తుంది. తిండీ నీళ్లూ నాలుగడుగుల దూరంలో ఉండాలి.

పంతొమ్మిదో రోజు దాటాక గుడ్డును చెవికి ఆనిస్తే లోపల్నుంచి సన్నగా ‘కీచ్’ మని వినిపిస్తుంది. పెట్ట కూడా దానికి బదులుగా ‘క్కొ..క్కొ’ అంటుంది. గుడ్లలోని పిల్లలు ఒకదాని అలికిడి ఒకటి వింటూ ఇంచుమించు ఒకేసారి బయటపడతాయి. పిల్ల ముక్కు చివర చిన్న ముల్లులాంటిది ఉంటుంది. దాంతో పెంకుకు కన్నం పెట్టి, కాసేపు ఆగి, మళ్లీ పొడిచి, చుట్టూ తిరుగుతూ మూత తీసినట్టు తీస్తుంది. దీనికి సగం రోజు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. జాలిపడి పెంకు వలవకూడదు. లోపలి పొరలో నెత్తురు ఇంకా పిల్ల ఒంట్లోకి చేరి ఉండదు. పచ్చసొన కడుపులోకి లాక్కోవడమూ అప్పుడే. ఆ సొనే మొదటి రెండు రోజులు దానికి తిండి. ఫారాల వాళ్లు ఒకరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో ఎక్కడెక్కడికో పంపగలిగేది ఆ సొన పుణ్యానే.

ఈ పెట్ట తల్లితనానికి హద్దు లేదనడానికి మన వరి పొలాల్లో ఓ వేడుక ఉంది. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలొస్తాయి. పెంపుడు బాతులకు కూర్చుని పొదిగే ఓపిక తక్కువ. అందుకని బాతుగుడ్లను కోడిపెట్ట కింద పెడతారు. బాతుగుడ్డుకు ఇరవై ఎనిమిది రోజులు కావాలి. అయినా పెట్ట లెక్క అడగదు, ఇంకో వారం కూర్చుంటుంది. పిల్లలు దిగిన కొన్నాళ్లకు కాలవ గట్టు మీద చూడాలి దాని అవస్థ. పిల్లలన్నీ బుడుంగున నీళ్లలో దూకి ఈదుకుంటూ పోతుంటే ఇది గట్టెమ్మట అటూ ఇటూ పరుగెడుతూ గోల పెడుతుంది.

లేచిన తర్వాత

పిల్లల కోడి గూట్లోంచి దిగిన రోజు నుంచే అసలు కథ మొదలవుతుంది. తీరంలో చేపలు ఎండబెట్టే చోటల్లా కాకులు, గద్దలు కమ్ముకుని ఉంటాయి. చేప దొరకని పూట వాటి చూపు కోడిపిల్ల మీదే. రాత్రయితే ముంగిస, బావురుపిల్లి, పాము. మొదటి రెండు మూడు వారాలు పిల్లల్ని పెద్ద గంప కింద కమ్మి, తల్లితోపాటు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మనిషి కళ్ల ముందు వదిలితే సగం పిల్లలు దక్కుతాయి. నూకలు, తవుడుతోపాటు ఎండు చేపల పొట్టు నలిపి వేస్తే ఒళ్లు చేస్తాయి. పుట్టల దగ్గర తడి గడ్డి, పేడ నింపిన కుండ బోర్లించి తెల్లారి తీస్తే చెదలు నిండుతాయి. వాటి కోసం పిల్లలు ఎగబడతాయి.

కాకి ఎత్తుకుపోతే ఒక పిల్ల పోతుంది. కొక్కెర తెగులు వస్తే వీధి మొత్తం ఊడ్చుకుపోతుంది. రాణిఖేత్ అని పశువుల డాక్టర్లు చెప్పే జబ్బు ఇదే. పచ్చటి పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ మెలిదిరగడం, రెండు మూడు రోజుల్లో చావు. వచ్చాక మందు లేదు. ముందు జాగ్రత్త మాత్రం ఉంది. పుట్టిన వారంలోపు కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క లసోటా టీకా, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. ఇంతే. మరి ఎందుకు వేయించరు? బద్ధకం వల్ల కాదు. టీకా సీసా వందా రెండొందల కోళ్లకు సరిపడేలా వస్తుంది. చల్లగా ఉంచాలి. కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి. మన ఇంట్లో ఉన్నవి ఎనిమిది పిల్లలు. ఎనిమిది చుక్కల కోసం సీసా ఎవరు తెస్తారు?

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. పల్లె కోళ్ల కోసమే వేడికి తట్టుకునే ఐ-2 అనే టీకాను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారుచేస్తే టాంజానియా, మొజాంబిక్ పల్లెల్లో దాన్ని ఊరి మనుషులే ఊరంతటికీ ఒకే రోజు వేసే పద్ధతి పెట్టుకున్నారు. అంతదాకా వెళ్లనక్కర్లేదు. వీధిలో నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుని ఒకే వారంలో పొదిగేస్తే చాలు. పిల్లలన్నీ ఒకే వారంలో దిగుతాయి. నలభై యాభై పిల్లలంటే ఒక సీసాకు అర్థం ఉంటుంది, పశువుల ఆసుపత్రిలో అడగడానికి నోరూ ఉంటుంది. ఇంకో లాభం, రెండు పెట్టల పిల్లల్ని రాత్రిపూట ఒకే తల్లి కిందికి చేరిస్తే రెండోది త్వరగా మళ్లీ గుడ్లకొస్తుంది.

ఇదంతా ఎందుకు? సంతలో పిల్లలు దొరుకుతాయి కదా అనొచ్చు. దొరుకుతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ లాంటివి నాటుకోడి కంటే రెండింతలు, అంతకు మించీ గుడ్లు పెడతాయి. పెరటికి మంచి కోళ్లే. కానీ వాటికి పొదుగు దాదాపు రాదు. కూర్చునే గుణం పోతేనే గుడ్లు పెరుగుతాయి, ఫారం కోడిలో ఆ గుణాన్ని తరాల తరబడి ఏరి తీసేసింది అందుకే. పైగా వాటి పిల్లలు తల్లంత గుడ్లు పెట్టవు. హైబ్రిడ్ విత్తనంలాగే మళ్లీ కొనుక్కోవాలి. నాటు పెట్ట ఏడాదికి యాభై గుడ్లే పెట్టొచ్చు, కానీ అది ఇంటి విత్తనం. పొదిగే పెట్ట లేని పెరడంటే విత్తనాల కుండ ఖాళీ అయిన ఇల్లే.

2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్‌ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలన్నది నిబంధన. దాని ముందు ఫారం కోడీ ఒకటే, గుడ్ల మీద కూర్చున్న నాటు పెట్టా ఒకటే. జబ్బు ఆగాలంటే తప్పదు కూడా. ఫారం వాడికి మళ్లీ హేచరీ నుంచి పిల్లలొస్తాయి. పెరటి పెట్టకు హేచరీ లేదు. పక్క ఊళ్లో మరో పెట్ట పొదుగుతూ ఉంటేనే ఆ జాతి మళ్లీ ఆ వీధికొస్తుంది. చుట్టాలింటి నుంచి ఒడి కింద దాచి తెచ్చుకునే రెండు గుడ్లే దానికి ఆధారం.

పొదుగుకొచ్చిన పెట్టను గుడ్లకు మళ్లించాలని నీళ్లలో ముంచేవాళ్లు, ముక్కులో ఈక గుచ్చేవాళ్లు ఉన్నారు. అన్నీ కూర్చోనక్కర్లేదు, నిజమే. అవసరం లేనిదాన్ని గాలి ఆడే బుట్టలో నాలుగు రోజులుంచితే ఊరికే మానేస్తుంది, హింస పెట్టక్కర్లేదు. కానీ బాగా పొదిగి, పిల్లల్ని కాకికి ఇవ్వకుండా తిప్పే పెట్ట ప్రతి వీధిలోనూ ఒకటో రెండో ఉంటాయి. అది ఏదో ఆ వీధి ఆడవాళ్లకు తెలుసు. గుడ్లు తక్కువని, ముసలిదైందని ఈ ఉగాదికి దాన్ని కూరకు తూచేసే ముందు ఇంకొక్క పొదుగు వేసి చూడండి.